మన పేరు మీద

అద్దాల మాస్టారు ఎవరికీ పాఠాలు చెప్పలేదు. కళ్లజోడు అద్దాలను ఫ్రేముకి సరిపడేలా అరగదీయడం ఆయన వృత్తి. ఊళ్లో కళ్లజోళ్ల దుకాణాలకు కొదవ లేదు గాని, వాటిల్లో నవ్వుతూ నిలబడేవాళ్లలో ఒక్కరికీ అద్దం అరగదీయడం చేతకాదు. ఫ్రేము అమ్ముతారు, డబ్బా ఇస్తారు, తుడుచుకునే గుడ్డ ఊరికే ఇచ్చి ఆస్తి రాసిచ్చినంత మొహం పెడతారు. అసలు పని జరిగేది ఒక సందు చివర, రెండో అంతస్తులో, వంటగదిని ఆనుకుని ఉన్న చిన్న గదిలో. అక్కడ చక్రం తిరుగుతూ ఉంటుంది, దాని మీద నీళ్లు చుక్కలుగా పడుతూ ఉంటాయి, మాస్టారు అద్దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చక్రానికి ఆనిస్తూ తీస్తూ ఉంటాడు. ఆ వేళ్ల కొసలు ఎప్పుడో నున్నబడిపోయాయి. ఆయన వేలిముద్ర తీసుకోవాలంటే పోలీసులకు కూడా తల ప్రాణం తోకకొస్తుందని వీధివాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

మొదట్లో సైకిలు మీద దుకాణం దుకాణం తిరిగి పని తెచ్చుకునేవాడు. మోకాళ్లు మొరాయించాక ఇంట్లో ఫోను పెట్టించారు. పెట్టించింది ఆయన భార్య. ఆఫీసులో వరసలో నిలబడే ఓపిక ఆయనకు లేదు, ఆవిడకు ఉంది, కాబట్టి ఫోను ఆవిడ పేరు మీదే ఉంది. దుకాణాల వాళ్లు అద్దాల పవరు ఫోన్లో చదివేవాళ్లు, ఈయన చెవికి చేయి అడ్డం పెట్టుకుని రాసుకునేవాడు. ఇక్కడే వచ్చింది చిక్కు. ప్లస్సుకీ మైనస్సుకీ చివర ఉన్నది ఒకే ‘స్సు’. గరగరలాడే లైన్లో ఆ ‘స్సు’ తప్ప మొదలు వినపడి చచ్చేది కాదు. ఒకసారి మైనస్ కావలసిన ఒక పెద్దమనిషికి ప్లస్ అద్దాలు వెళ్లాయి. ఆయన వాటిని పెట్టుకుని దర్జాగా బస్సెక్కబోయి చెత్తలారీ ఎక్కాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు గాని, మాస్టారికి రెండు రోజులు ముద్ద దిగలేదు. పనిలో తప్పు చేశాడన్న మాట ఆయనకు చెంపదెబ్బతో సమానం.

“ఫోన్లో వినే పనికి ఫోనే శత్రువు బావా. నీకు కావలసింది ఫ్యాక్సు,” అన్నాడు బావమరిది.

ఈ బావమరిదిని వీధిలో అందరూ ‘హలో’ అనేవాళ్లు. ఎదురుగా నిలబడ్డ మనిషితో కూడా హలో అనకుండా మాట మొదలుపెట్టడు. మాస్టారి భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పెట్టిన ప్రతి వ్యాపారం మూడు పూవులూ ఆరు కాయలూ అవుతుందని చెప్పి మొగ్గలోనే ముంచినవాడు. మధ్యలో మాస్టారి దగ్గర కొన్నాళ్లు అద్దాల పని నేర్చుకున్నాడు, చేతులు నీళ్లలో నానుతున్నాయని మానేశాడు, చివరికి ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. బావమరిది బతక్కోరతాడు, దాయాది చావు కోరతాడు అని సామెత. మాస్టారికి దాయాదులు లేరు. ఉన్న ఒక్క బావమరిదినీ ఆయన కొడుకులా చూసుకున్నాడు.

ఒక మధ్యాహ్నం హలో ఎవరి దగ్గరో వాడేసిన ఫ్యాక్సు యంత్రాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చాడు. దాన్ని చక్రం ఉన్న గదిలో బల్ల మీద పెట్టి, పురాణం విప్పినట్టు విప్పాడు. కొత్త లైను అక్కర్లేదు, ఉన్న తీగ మీదే ఫోనాఫీసు వాళ్లు రెండో నంబరు ఇస్తారు. పాత నంబరుకి ఎవరైనా చేస్తే గంట ఎప్పటిలా పొడుగ్గా మోగుతుంది. కొత్త నంబరుకి చేస్తే పొట్టిగా రెండేసి సార్లు మోగుతుంది. పొడుగు గంటకు మనుషులు పలకాలి, పొట్టి గంటకు యంత్రమే పలుకుతుంది. తర్వాత ఆ నంబరు ఎవరికైనా, ఏ ఇంటికైనా మార్పించుకోవచ్చు, అందులో ఏమీ కష్టం లేదు.

“నంబరు ఎవరి పేరు మీద పెట్టించమంటావు బావా?” అని అడిగాడు హలో.

ఆ సమయానికి మాస్టారి చేతిలో అద్దం చక్రం మీద ఉంది. అద్దం చక్రం మీద ఉండగా తల తిప్పితే అద్దమైనా పోతుంది, వేలైనా పోతుంది. తల తిప్పకుండానే, “ఎవరి పేరేమిట్రా, మన పేరు మీదే పెట్టించు,” అన్నాడు.

ఆయన ఉద్దేశం ‘నా పేరు మీద’ అని. కానీ అలా అనడానికి నోరు రాదు. యంత్రం మోసుకొచ్చి చెమటలు కక్కుతున్న కుర్రాడి ముందు ‘నా’ అనడం ఏం మర్యాద? పోనీ ‘మా’ అంటే? ‘మా’ అంటే ఎదుటివాడిని గుమ్మం బయట నిలబెట్టినట్టు. ‘మన’ అంటే లోపలికి వచ్చి కూర్చోమన్నట్టు. మన ఇల్లు, మన దుకాణం, మన సైకిలు అంటాం. అంతమాత్రాన విన్నవాడు సైకిలెక్కి వెళ్లిపోడు కదా. మాస్టారు మర్యాదస్తుడు, అందుకే ‘మన’ అన్నాడు.

యంత్రం కుదురుకోవడానికి వారం పట్టింది. మొదట్లో దానికి పొడుగు గంటకీ పొట్టి గంటకీ తేడా తెలియక అన్నింటికీ పలికేది. మాస్టారి భార్యకు పినతల్లి ఒకావిడ క్షేమ సమాచారం కనుక్కుందామని చేస్తే ఆవిడ చెవిలో కీచుమని అరిచింది. “మీ ఇంట్లో ఎవరో పిల్లిని తొక్కారే!” అని ఆవిడ మళ్లీ చేసి చెప్పింది. హలో వచ్చి ఏవో మీటలు నొక్కి దానికి మర్యాద నేర్పాడు. దుకాణాలన్నింటికీ కొత్త నంబరు చెప్పివచ్చింది కూడా అతనే.

ఆ తర్వాత మాస్టారి బతుకు తీరే మారిపోయింది. రెండు పొట్టి గంటలు మోగితే చాలు, ఆయన మొహం విచ్చుకునేది. కాగితం నాలుక చాపినట్టు మెల్లగా బయటికి వచ్చేది. దాని మీద పవరు, ఫ్రేము లోపలి అంచు వెంట గీసిన గీత. ఫ్యాక్సులో బొమ్మ కొంచెం కుంచించుకుపోతుందని త్వరలోనే కనిపెట్టి, గీత పక్కన స్కేలు పెట్టి ఇంకో నిలువు గీత గీయండి, దాని పొడవు రాయండి అని అందరికీ చెప్పాడు. దుమ్ము కణం పడితే మైనస్ మీద నిలువు గీత వచ్చి ప్లస్ అయి కూర్చుంటుంది. అందుకని వచ్చిన ప్రతి కాగితానికీ దుకాణానికి తిరిగి ఫోను చేసి, “మైనస్సేనా అమ్మా? మైనే కదా, మై?” అని అడిగేవాడు. దుకాణాల్లో ఆయన పేరు ‘మై మాస్టారు’ అయిపోయింది. పని రెట్టింపయింది. దుకాణాల వాళ్లు ఆయన ఇల్లు చూడలేదు, మొహం కూడా మరిచిపోయారు. తయారైన అద్దాలు దుకాణాలకు చేర్చే పని ఎలాగూ హలోదే. వాళ్ల లెక్కలో మాస్టారంటే గోడ మీద అంటించుకున్న ఆ నంబరే. ఆ నంబరు లేకపోతే ఆ ఊళ్లో ఆయన లేనట్టే.

వానలు మొదలయ్యాక పొట్టి గంటలు తగ్గాయి. ముందు అడపాదడపా మోగేవి, తర్వాత అవీ లేవు.

“వానల్లో ఎవరు కళ్లజోళ్లు కొంటారు బావా? సీజను డల్లు,” అన్నాడు హలో.

నిజమే కాబోలు అనుకున్నాడు మాస్టారు. దుకాణాలకు తనే ఫోను చేసి పని అడుక్కోవడానికి అభిమానం అడ్డొచ్చింది. యంత్రం మీద దుమ్ము తుడిచేవాడు. కాగితం చుట్ట తీసి మళ్లీ పెట్టేవాడు. తీగ ఊడిందేమోనని బల్ల కింద దూరి చూసేవాడు. ఏమీ తోచక చక్రాన్ని విప్పి కడిగి మళ్లీ బిగించేవాడు. భార్య వంటగదిలోంచి చూసి, “ఎందుకండీ ఆ అవస్థ, కాసేపు నడుం వాల్చండి,” అనేది. ఆయన నడుం వాల్చేవాడు, చెవి మాత్రం ఆ గదిలోనే ఉండేది.

అలాంటప్పుడు హలో దేవుడిలా వచ్చాడు. తన పరిచయాల మీద పని సంపాదించానని, చేత్తో రాసిన చీటీలు కొన్ని తెచ్చి ఇచ్చాడు. వారానికోసారి తెచ్చేవాడు. “నువ్వు ఖాళీగా కూర్చుంటే నాకు మనసు ఒప్పుతుందా బావా?” అనేవాడు. మాస్టారి కళ్లు చెమర్చేవి. “వీడు లేకపోతే ఏమైపోయేవాళ్లమే!” అని భార్యతో పదిసార్లు అన్నాడు. ఆవిడ తల వంచుకుని పని చేసుకునేది. తమ్ముణ్ణి పొగిడితే సిగ్గుపడుతోందనుకుని మాస్టారు పదకొండోసారి కూడా అన్నాడు.

గుట్టు బయటపడింది ఒక తిట్టుతో. కూరగాయలకని బయటికి వెళ్లిన మాస్టారు కూడలిలో ఉన్న కళ్లజోళ్ల దుకాణం మేడమ్ కంట పడ్డాడు. ఈ మేడమ్ పాత కాలం నుంచీ పని ఇస్తున్న మనిషి, ఆయన మొహం గుర్తున్నది ఆవిడ ఒక్కతికే. గుమ్మంలోకి వచ్చి పిలిచింది.

“ఏం మాస్టారూ, ముసలితనం వచ్చేసిందా? పోయిన వారం పంపిన జత చూశారా అసలు? అంచులన్నీ పెచ్చులు లేచిపోయాయి. కొన్నావిడ నా మీద విరుచుకుపడింది.”

“పోయిన వారమా? మీ దగ్గర్నుంచి నాకు కాగితమే రాలేదమ్మా.”

“రాకపోతే అద్దాలు ఆకాశంలోంచి ఊడిపడ్డాయా? కవరు మీద మీ పేరే ఉంది. ఇంకో మాట, ఈమధ్య ఫోను చేసి మై మై అని అడగడం కూడా మానేశారు. అది అడగనప్పుడే అనుకున్నా, ఈయనకి పని మీద ధ్యాస పోయిందని.”

మాస్టారు చేతిలో సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తను చేయని పనికి తను తిట్లు తింటున్నాడు. ఇంతకాలం ఇంత మంది దగ్గర దాచుకున్న మంచిపేరు ఎవరి చేతుల్లోనో పెచ్చులు లేచిపోతోంది, తనేమో ఇంట్లో కూర్చుని దుమ్ము తుడుస్తున్నాడు. యంత్రం పాడై ఉంటుంది, మధ్యలో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది అని మనసుకి నచ్చజెప్పుకున్నాడు. మేడమ్‌ని బతిమాలి ఒక తెల్ల కాగితం తీసుకున్నాడు. దాని మీద ‘అందితే ఫోను చెయ్యి’ అని పెద్ద అక్షరాలతో రాసి, ఆ దుకాణం యంత్రంలోంచి తన నంబరుకి తనే పంపించాడు. కాగితం లోపలికి వెళ్లి బయటికి వచ్చింది. చేరినట్టు చిన్న చీటీ కూడా వచ్చింది.

“చూశారా, వెళ్లింది,” అంది మేడమ్.

మాస్టారు అక్కడి ఫోన్లోంచే ఇంటికి చేశాడు. భార్య ఎత్తింది.

“ఇప్పుడే ఒక కాగితం పంపించాను. మెషిన్లో వచ్చిందేమో చూడు.”

“ఉండండి, చూసొస్తాను,” అంది ఆవిడ. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, చెప్పుల చప్పుడు గదిలోకి వెళ్లడం, కాసేపు ఆగి తిరిగి రావడం, అన్నీ ఆయనకు వినపడ్డాయి. “ఏమీ రాలేదండీ,” అంది.

పంపింది చేరింది. ఇంటికి రాలేదు. మరి చేరింది ఎక్కడికి? ఈ ప్రశ్నకి జవాబు తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కడే ఉన్నాడని, యంత్రానికి మందు వేయగల డాక్టరు అతనేనని, మాస్టారు కూరగాయల సంగతి వదిలేసి హలో దుకాణానికి నడిచాడు. అప్పటికి కూడా ఆయన వెళ్లింది సాయం అడగడానికే.

దుకాణం ముందు భాగంలో ఎవరూ లేరు. వెనక గది తలుపు తెరిచి ఉంది. మాస్టారు ఇంకా గుమ్మంలో ఉండగానే లోపలి నుంచి గంట మోగింది. పొట్టిగా రెండుసార్లు. వానాకాలమంతా ఏ గంట కోసం చెవి కోసుకున్నాడో ఆ గంటే. ఆయన కాళ్లు వాటంతటవే లోపలికి నడిచాయి.

గదిలో కొత్త మిషను ఉంది, అద్దం పెట్టి మీట నొక్కితే దానంతటదే అరగదీసే రకం. పక్కన కవర్ల దొంతర, ప్రతి కవరు మీద ‘అద్దాల మాస్టారి పని’ అని అచ్చు. మూలన బల్ల మీద ఫ్యాక్సు యంత్రం, దాని పళ్లెంలో తన సొంత చేతిరాతతో ‘అందితే ఫోను చెయ్యి’. హలో దాన్ని చేతిలోకి తీసుకుని అప్పుడే తల ఎత్తాడు.

“హలో బావా! నువ్వా! కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా. కూర్చో, టీ చెప్తా.”

“ఈ మిషను ఎవరిదిరా?”

“మనదే బావా.”

“ఈ నంబరు?”

“అదీ మనదే.”

“మనదైతే మరి కాగితాలు నా ఇంటికి రావేం?”

హలో కొంచెం నవ్వాడు. “నీకు పంపిస్తూనే ఉన్నాను కదా బావా. ప్రతి వారం తెస్తున్నానా లేదా?”

మాస్టారికి అప్పటికి గాని సంగతి బుర్రకెక్కలేదు. వారం వారం వచ్చిన ఆ చీటీలు, ఏ చీటీలు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడో అవి, తనకు వచ్చిన పనిలోంచే గిల్లి తనకు పెట్టిన భిక్ష. తన కంచంలో అన్నం తీసి తనకే దానం చేశాడు వీడు. దానికి తను చేతులు జోడించినంత పని చేశాడు. ఆయనకు ముందు కోపం రాలేదు, ఒళ్లంతా సిగ్గేసింది.

“మన అంటే ఎవరిదిరా?” అన్నాడు.

“అదేంటి బావా, నువ్వేగా అన్నావు మన పేరు మీద పెట్టించమని! ఆఫీసులో మన అంటే రాసుకుంటారా? ఒక మనిషి పేరు కావాలన్నారు, నా పేరు చెప్పా. మనలో నేను లేనా?”

ఆ మాటలో వెటకారం ఉంటే మాస్టారు ఒక లెంపకాయ కొట్టి తేలికపడేవాడు. వెటకారం లేదు. హలో నిజంగానే నొచ్చుకున్న మొహంతో చూస్తున్నాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లకు చేతికి నెత్తురు అంటదు, కాబట్టి తాము కోశామని వాళ్లకే తెలియదు.

“మరి కవర్ల మీద నా పేరెందుకు?”

“నీ పేరు లేకపోతే ఎవరిస్తారు బావా పని?” అన్నాడు హలో, ఎంతో గౌరవంగా. “నువ్వు కూడా రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చో. ఈ మిషను అంచులు సరిగ్గా కొట్టట్లేదు, నువ్వు చెయ్యి వేస్తే చాలు. జీతం ఇస్తా. నీళ్లలో చేతులు నానే పని లేదు.”

ఏకు మేకై కూర్చుందని వినడమే గాని, ఆ మేకే లేచి కుర్చీ చూపించడం మాస్టారు అదే మొదటిసారి చూడటం. బల్ల మీదున్న తన కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని, టీ వచ్చేలోగా బయటికి వచ్చేశాడు.

దారి పొడుగునా ఆయన తనలో తను మాట్లాడుకున్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి, సరే. పోయింది నంబరే గాని వేళ్లు కాదు. ఇంకో నంబరు పెట్టించుకోవచ్చు, ఈసారి తల తిప్పి, నా పేరు మీద అని నోరు తెరిచి చెప్పవచ్చు. మోకాళ్లు మొరాయించినా సరే, మళ్లీ దుకాణం దుకాణం తిరిగి ఫలానా పెచ్చుల అద్దాలు నావి కావని చెప్పుకోవచ్చు. మేడమ్ నమ్ముతుంది, ఆవిడ చెబితే మిగతావాళ్లూ నమ్ముతారు. కష్టమంతా ఇంట్లో ఆవిడకు చెప్పడంలోనే ఉంది. ఒక్కగానొక్క తమ్ముడు, చేతులతో ఎత్తుకు పెంచింది, గుండె పగిలిపోతుంది. ఎలా చెప్పాలి? కొంచెం తగ్గించి చెప్పాలి. మెట్లెక్కుతూ కూడా ఆయన మాటలు కూర్చుకుంటూనే ఉన్నాడు.

భార్య మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. మాస్టారు ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

“నంబరు వాడి దగ్గర ఉంది,” అన్నాడు.

ఏ నంబరని ఆవిడ అడగలేదు. ఎవడి దగ్గరనీ అడగలేదు. చేతిలో చొక్కా అలాగే పట్టుకుని, “మీకెవరు చెప్పారు?” అంది.

మాస్టారు ఆవిడ మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహంలో ఆయనకు తెలియని మూల ఒకటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

“నీకు తెలుసా?”

“ఫోనాఫీసు వాళ్లు చేసి అడిగారు. తీగ నా పేరు మీద ఉంది కదా. నంబరు వేరేచోటికి మార్చమంటున్నారు, మీకు సమ్మతమేనా అన్నారు. సరేనన్నాను.”

“ఎప్పుడు?”

“వానలకు ముందు.”

అంటే వానాకాలం అంతా. ఆయన దుమ్ము తుడిచిన ప్రతిసారీ, బల్ల కింద దూరిన ప్రతిసారీ, వీడు లేకపోతే ఏమైపోయేవాళ్లమే అన్న ప్రతిసారీ ఆవిడకు తెలుసు.

“వాడికి పెట్టినవన్నీ పోయాయండీ,” అంది ఆవిడ, బట్టల వైపు చూస్తూ. “ఇదీ పోతే ఏ అఘాయిత్యం చేసుకుంటాడోనని భయమేసింది. మీ చేతిలో పని ఉంది, మీరెలాగైనా నిలబడతారనుకున్నా. కొన్నాళ్లే అక్కా అన్నాడు.”

“నన్నొక మాట అడగలేకపోయావా?”

“అడిగితే ఒప్పుకునేవారా?”

“ఒప్పుకునేవాణ్ణి. సగం పని వాడికి ఇచ్చేసేవాణ్ణి. పక్కన కూర్చోబెట్టుకుని అంచులు కొట్టడం మళ్లీ నేర్పేవాణ్ణి. ఆ సంగతి నీకు తెలియదా?”

ఆవిడకు తెలుసు. చొక్కా మడత విప్పి మళ్లీ మడిచింది. బావమరిది చేసిన దానికి మాస్టారి ఒళ్లు మండింది గాని, దానికి అరుపు ఉంది, తిట్టు ఉంది, రేపు పోయి మొదలుపెట్టడానికి పని ఉంది. ఇప్పుడు గుండెలో దిగినదానికి ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. అరవాలని కూడా అనిపించలేదు. ఒక్కటి మాత్రం అడగకుండా ఉండలేకపోయాడు.

“ఇందాక నేను ఫోన్ చేసి, కాగితం వచ్చిందేమో చూడమన్నాను. చూసొస్తానని వెళ్లావు. నీ చెప్పుల చప్పుడు విన్నాను. అక్కడ ఏమీ ఉండదని నీకు తెలుసు కదా?”

“తెలుసు.”

“మరి ఎందుకు వెళ్లావు?”

ఆవిడ తల ఎత్తకుండానే చెప్పింది.

“మీకు వినపడాలని.”